నేను తోమిన రాయి

ఆరేళ్ళుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. మావారికి కూడా చెప్పలేదు. పాప ఇప్పుడే నిద్రపోయింది. మళ్ళీ లేచేలోగా మీకైనా చెప్పేయాలి.

అప్పుడు నేను విజయవాడలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. డెల్టాలో వేసిన లోతైన బోరు నుంచి మా కాలేజీకి జానెడు రాతి ముక్క ఒకటే ఒకటి వచ్చింది. ఒండ్రు పొరలన్నిటికీ అడుగున, వేడికీ ఒత్తిడికీ ఎప్పుడో రూపు మారిన రాయి. దాని పగుళ్ళలో మెత్తని ఆకుపచ్చ మట్టిని మొదట చూసింది నా స్నేహితురాలు గ్రేస్, గుణదల అమ్మాయి. ఆ లోతుల్లో వేడినీళ్ళు పారి గట్టిరాయిని అలా మార్చి ఉంటాయని నోటుబుక్కులో రాసుకుంది. నాకూ చూపించింది. సంబరంతో నా చెయ్యి వదల్లేదు.

మర్నాడు మాస్టారు చూస్తారు కదా అని, సాయంత్రం ఆ రాయిని నేనే కొబ్బరి పీచుతో, ఇత్తడి చెంబు తోమినట్టు తోమాను. పైన అంటిన బోరు బురద వదలగొడదామనే అనుకున్నాను. చూసుకునేసరికి పగుళ్ళు ఖాళీ.

"ఏదమ్మా నీ ఆకుపచ్చ మట్టి?" అన్నారు మర్నాడు మాస్టారు, గ్రేస్ నోటుబుక్కు తిరగేస్తూ.

"నిన్న ఉందండీ మాస్టారూ!"

"రాత్రికి రాత్రి లేచి వెళ్ళిపోయిందా? కాలవగట్టు మీద నాచు చూసి రాసుంటావులే."

క్లాసంతా నవ్వింది. గ్రేస్ నా వైపు తిరిగింది. "నువ్వూ చూశావుగా, చెప్పవే!"

"నాకు సరిగ్గా గుర్తులేదే," అన్నాను.

ఎందుకన్నాను? ఉన్న ఒక్క రాయినీ పాడుచేశానని తెలిస్తే ఇంట్లో చదువు మానిపిస్తారన్న భయమా, లేక నాకంటే ముందు ఆమె కళ్ళకు కనిపించిందన్న కడుపుమంటా? ఈ రెండోది ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆ సాయంత్రం బస్సులో గ్రేస్ కిటికీ పక్క సీటు ఎప్పటిలాగే నాకే ఇచ్చింది.

ఆమెను పరిశోధనకు పంపుతానన్న మాస్టారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె ఇప్పుడు పామర్రులో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది.

పోయినవారం పాపను చూడడానికి వచ్చింది, తనే అల్లిన ఊలు టోపీతో. పాపను ఒళ్ళో వేసుకుని, ఆనాడు లేనిది చూశానని తనను తానే వెక్కిరించుకుంది. నేను పాలు కాచాలంటూ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ పొయ్యి కూడా వెలిగించలేదు.

ఎదురుగా చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. చెబితే మళ్ళీ మా ఇంటికి వస్తుందో రాదో. రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

గ్రేస్ లేనిది చూడలేదు. ఉన్నదే చూసింది. కడిగేసింది నేను.