చిత్రకోట్ చూపించిన మేనమామ

జగదల్‌పూర్‌లో చూడాల్సినవన్నీ మాకు చూపించానని మా మేనమామ చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఆయన చూపించినవేమిటో నాకు బాగా గుర్తున్నాయి. రాజమహలు బయటి గోడ. దాని గేటు, అదీ రోడ్డుకు ఇవతల నుంచి. దంతేశ్వరి గుడి ముందు చెప్పులు విడిచే చోటు. లోపలికి వెళ్లేలోగా ఎవరో పై అధికారి కనపడితే, ఆయన వెంట పడి మమ్మల్ని మరిచిపోయాడు. దళపత్ సాగర్ గట్టు మీద అమ్మను, నాన్నను, నన్ను వరసగా నిలబెట్టి, ఇంత చెరువు మీ కుంట ఊరి వైపు ఉందా అని అడిగాడు. మాకు శబరి నది ఉందన్నాను. నది లెక్కలోకి రాదన్నాడు. అప్పటికి నాకు పదమూడేళ్లు. ఆ మాట ఇప్పటికీ అరగలేదు.

మా అమ్మ అడిగింది ఒక్కటే, చిత్రకోట్ జలపాతం. ఇంద్రావతి మొత్తం ఒక్కచోట కింద పడుతుందని పెళ్లికి ముందెప్పుడో విన్నదట. కుంట నుంచి రావడమే రోజుల తరబడి ప్రయాణం. మళ్లీ ఎప్పుడొస్తామో తెలియదు.

మామ సంస్థానం కచేరీలో గుమాస్తా. అటు వెళ్లే కలప లారీ ఒకటి మాట్లాడాడు. అది జలపాతానికి రెండు కోసుల ఇవతల ఒక ఊళ్లో దింపి, సాయంత్రం తిరిగి ఎక్కించుకుంటుంది. అక్కడి నుంచి ఎడ్లబండి. సిద్ధంగా ఉండమని బండి ఆసామికి ముందే కబురు పంపాడు. ఆ రోజు మా ఊళ్లో దియారీ అని ఆసామి తిరుగు కబురు పంపితే, మామ నవ్వాడు. దీపావళి వెళ్లి రెండు నెలలైంది, ఇదంతా పని ఎగ్గొట్టే వంక అన్నాడు. పన్నెండేళ్లుగా అక్కడుంటున్న మనిషి! అక్కడి పల్లెల్లో దియారీ పుష్యమాసంలో, ఏ ఊరికి ఆ ఊరు పెట్టుకున్న రోజున జరుగుతుందని, ఆ రోజు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరని చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. ఈయన ఎవరినీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

మేము లారీ దిగేసరికి ఎడ్లు మెడలో దండలతో, చేటల్లో కొత్త బియ్యం కిచిడీ తింటున్నాయి. మామ హిందీలో కేకలేశాడు. కచేరీ పేరు చెప్పాడు. ఆసామి అక్కడి హల్బీ భాషలో నెమ్మదిగా, రేపు ఎంత దూరమైనా తోలుతాను, ఈవేళ మాత్రం మీరూ కూర్చుని తినండన్నాడు.

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "రెండు కోసులేనాయె తమ్మీ. పొలంకాడికి రోజూ అంత నడుస్త. పోదాం నడువు."

మామ అటూ ఇటూ చూశాడు. దారి మీద మేము తప్ప ఎవరూ లేరు. "గుమాస్తా అక్క కాలినడకన పోయిందంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"నీ ఇజ్జత్ ఈడ ఎవలకెరుక?"

నడిచేవాళ్లు అటునుంచి అటే పొండి, మళ్లీ నా గడప తొక్కొద్దన్నాడు. అమ్మకు పుట్టిల్లంటూ మిగిలింది ఆ ఇల్లొక్కటే. ఆమె కొంగు వదులు చేసి కూర్చుంది. మా నాన్న చుట్ట కాలుస్తూ ఎడ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన మీదా నాకు కోపం తీరలేదు.

ఆసామి భార్య ఆకు దొప్పల్లో కిచిడీ పెట్టింది. మేము తిన్నాం. మామ ఇంటి నుంచి తెచ్చిన పులిహోర మూట విప్పి, మాకు వీపు పెట్టి తిన్నాడు. లారీ వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. గాలి వీచినప్పుడల్లా అమ్మ జలపాతం ఉన్న వైపు తల తిప్పేది. నాకైతే ఏమీ వినపడలేదు.

మరుసటి ఏడు నా పెళ్లి పందిట్లో మామ, మా అక్కకు చిత్రకోట్ చూపించింది నేనేనని మగపెళ్లివారికి చెబుతున్నాడు. వాళ్లలో ఒకావిడ అదెట్లుంటదని అమ్మను అడిగింది. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి నొక్కింది.

"మంచిగుంటదమ్మా. మెడల దండేసుకుని, నిమ్మళంగ కిచిడీ తింటుంటది."

మామ వక్క నమలడం ఆపాడు. తర్వాత మమ్మల్ని జగదల్‌పూర్‌కు పిలవలేదు. అయినా ఇతరుల ముందు ఆ గొప్ప చెప్పుకోవడం మానలేదు. అమ్మ ఆ నీళ్లు చూడకుండానే పోయింది. ఇప్పుడు అక్కడికి బస్సులున్నాయి, పిల్లలు రమ్మంటూనే ఉంటారు. ఆమె చూడనిది నాకెందుకు? నేను వెళ్లలేదు.