పాదాలూ పాదులూ

ఈ ఏడు శుభశుక్రవారానికి ముందురోజు సాయంత్రం మా చర్చిలో కాళ్ళు కడిగే ఆరాధనకు పన్నెండుమందిలో ఒకడిగా కూర్చోమని నన్ను కూడా అడిగారు. వయసు చూసి అడిగారో, బల్ల మీద ఒక జాగా మిగిలిపోయి అడిగారో తెలియదు. బుక్కరాయసముద్రంలో ఇల్లు కట్టుకుని వచ్చిన తర్వాత నాకు ఇలాంటి పిలుపు రావడం ఇదే మొదలు కనుక, మధ్యాహ్నమే స్నానాల గదిలో పీట వేసుకుని, మా ఇంటావిడ ఇచ్చిన గరుకురాయితో మడమలు తోముకుని, గోళ్ళు తీసుకుని, సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాను. మూడోసారి చెంబు ఎత్తినప్పుడు నవ్వొచ్చింది. ఎవరో కడగబోయే కాళ్ళను ఇంత శ్రద్ధగా కడుక్కుని పోవడం పట్నం వాళ్ళ నాజూకు అనుకునేరు, కాదు. ముదిగుబ్బకు అవతల మా పల్లెలోనూ ఇదే ఆచారం. నీళ్ళు దొరకని ఏళ్ళలో కూడా ఈ ఒక్క గురువారం ఎక్కడో ఒక బిందె సంపాదించి, ఇటుక ముక్కతో కాళ్ళు రుద్దుకుని గాని ఎవరూ గుడికి వచ్చేవాళ్ళు కాదు. పల్లెలో చర్చిని మేము గుడి అనే అనేవాళ్ళం. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ప్రతి ఏడూ వంగి చెంబు పట్టుకుని, మీ కాళ్ళు నా చేతులకంటే తెల్లగా ఉండాయి కదప్పా, ఇంక నేను కడిగేదేముంది అనేవారు. అందరూ నవ్వేవారు. మరుసటి ఏడు మళ్ళీ కడుక్కునే వచ్చేవారు.

ఆ పన్నెండుమందిలో మొదటి జాగా మా పెదనాయనది. అది ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ కాదనగలిగిందీ కాదు. గుడికి రాళ్ళు మోసినవాళ్ళలో ఆయన ముందున్నాడు, సంఘానికి పెద్ద, వేపచెట్టుకు వేలాడగట్టిన రైలుపట్టా ముక్కే మాకు గంట అయితే ఆ గంట కొట్టే సుత్తి ఆయన ఇంట్లోనే ఉండేది. ఆయన ఊరికి పోయిన ఆదివారం గంట మోగేది కాదు, జనం నీడను చూసుకుని వచ్చేవాళ్ళు. చెడ్డ మనిషి కాదు. ఒకరికి పెట్టే చెయ్యి. కాకపోతే పెట్టిన చెయ్యి తనదని తీసుకున్నవాడు రోజుకొకసారైనా తలుచుకోవాలని ఆయన కోరిక. ఇటువంటి స్వభావం మీద నేను గ్రంథాలయంలో చాలా చదివాను. అప్పట్లో నేను ముదిగుబ్బలో ఒక బట్టలు కుట్టే అంగడిలో పని చేస్తూ, మధ్యాహ్నం అన్నం వేళ గ్రంథాలయానికి పోయి, చదువు పదో తరగతిలో ఆగిపోయిన కసి కొద్దీ చేతికందిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. వేమన పద్యాల నుంచి పశువైద్యం దాకా ఒక వరుస అంటూ లేని చదువు. అక్షరం తప్పకుండా గట్టిగా చదవగలనని గుడిలో వాక్యం చదివే పని నాకే ఇచ్చారు. అందువల్లనే నేను చెప్పబోయేదాన్ని ముందు నిలబడి చూడగలిగాను.

మా నాయన పెదనాయనకు సొంత తమ్ముడు. మా అక్క పెండ్లి దాకా ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చుని సద్ది తిన్నవాళ్ళు. పెండ్లికి పెదనాయనను నాయన స్వయంగా పోయి పిలవలేదు, మనిషి చేత కబురు పంపాడు. సొంత అన్నకు పిలుపేమిటి, ఆయనే వచ్చి పందిరి గుంజలు నాటిస్తాడు కదా అని నాయన నమ్మకం. పరాయివాళ్ళకు పంపినట్టు నాకూ కబురేనా అని పెదనాయన కోపం. ఆయన రాలేదు. అక్క మెడలో సూత్రం పడే వేళకు కూడా నాయన కళ్ళు దారి మీదే ఉన్నాయని అమ్మ తర్వాత చెప్పింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గుడిలో ఒకే చాప మీద, నడుమ ముగ్గురు మనుషులను పెట్టుకుని కూర్చునేవారు.

తర్వాతి వానాకాలం వాన లేదు. దాని తర్వాతిదీ అంతే. వేరుశెనగ విత్తనం భూమిలోనే మాడింది. అది మాకు కొత్త కాదు, కరువును మేము చుట్టంలా ఎరుగుదుం. కాని గుడి వెనక ముళ్ళ కంప దాటితే నాయన పెట్టిన చీనీ తోట ఉండేది. మీరు బత్తాయి అంటారు, మాకది చీనీ. ఆ చెట్లు అప్పుడప్పుడే కాపుకు వచ్చాయి. వేరుశెనగ పోతే మరుసటి ఏడు విత్తుకోవచ్చు, చీనీ చెట్టు ఎండితే మనిషి వయసులో ఒక ముక్క దానితో పోతుంది. సరిగ్గా ఆ వేసవి మొదట్లో నాయన బోరులో నీళ్ళు అడుగంటి, మోటారు గాలి కక్కడం మొదలుపెట్టింది. గట్టుకు అవతల పెదనాయన బోరు మాత్రం పోస్తూనే ఉంది, ఆయనకున్న కొద్దిపాటి మడికి అది ఎక్కువే.

నాయన ఎద్దులబండి మీద డ్రమ్ములు పెట్టుకుని, పొద్దు పొడవక ముందే పోయి, దూరపు బావి నుంచి నీళ్ళు తెచ్చి ఒక్కో చెట్టు పాదులో ఒక్కో బిందె పోసేవాడు. చెట్టు మొదట్లో నీళ్ళు నిలవడానికి గుండ్రంగా మట్టి ఎత్తి కట్టేదే పాదు. పోసిన నీళ్ళు చూస్తుండగానే ఇంకిపోయేవి. ఆకులు దొప్పల్లాగా ముడుచుకున్నాయి. రాలడం మొదలైతే ఇక ఆశ లేదు.

పెదనాయనకు ఇది తెలియక కాదు. అరుగు మీద కూర్చుని నలుగురిలో అన్నాడట, నేనేమన్నా రాక్షసుణ్ణా, అడిగితే ఇయ్యనా, నోరు తెరిసి అడగమను అని. ఆ మాట నాయనకు చేరింది. గట్టుకు ఈ పక్క నా చెట్లు ఎండేది ఆయనకు కనపడల్యా, కనపడినంక అడిగేదేంది అన్నాడు నాయన. ఆ మాట ఆ పక్కకు చేరింది. చేరవేసినవాళ్ళకు కొదవ లేదు. పెద్దమ్మ ఒకరోజు మా ఇంటికి వచ్చి, అమ్మ దగ్గర కూర్చుని, మీ ఆయనా మా ఆయనా ఇద్దురూ ఎండిపోయినా నాకేం బాధ లేదు లేమ్మే, ఆ చెట్లేం పాపం చేసినాయి అని, నవ్వబోయి నవ్వలేక లేచిపోయింది.

ఆ స్థితిలో గురువారం వచ్చింది. గుడికి నీళ్ళు కావాలి కనుక పెద్దమ్మ తమ బోరు నుంచే ఇత్తడి బిందెతో తెచ్చి పీఠం పక్కన పెట్టింది. పెదనాయన తోమిన కాళ్ళకు ఆముదం కూడా రాసుకుని, తళతళలాడిస్తూ మొదటి జాగాలో కూర్చున్నాడు. అప్పుడు అయ్యగారు లేచి, తమ నడుము పట్టేసిందనీ, వంగలేననీ, ఈ ఏటికి సంఘపెద్దే కడగాలనీ అన్నారు. ఆ నడుము నిజంగా పట్టిందా అనే విషయం మీద మా ఊళ్ళో చాలాకాలం వాదం నడిచింది. ఆరాధన అయ్యాక ఆయన ముదిగుబ్బ దాకా సైకిలు తొక్కుకుంటూనే పోయారు.

పెదనాయనకు అది అవమానంగా తోచలేదు, గౌరవంగానే తోచింది. అయ్యగారి పని తన చేతికి వచ్చింది కదా. తువ్వాలు నడుముకు బిగించి, అందరూ చూస్తున్నారో లేదో ఒకసారి చూసుకుని వంగాడు. బల్ల మీదివాళ్ళు ఒక్కో జాగా జరగగా చివర ఖాళీ మిగిలింది. అదే సమయానికి నాయన ఎండిన పాదులు సరిచేసి, తోట నుంచి నేరుగా వచ్చి, మట్టికాళ్ళతో వాకిట్లో నిలబడ్డాడు. ఆయన ఎప్పుడూ ఆ పన్నెండుమందిలో లేడు. అయ్యగారు చేత్తో పిలిచి ఆ జాగా చూపించారు. సంఘం ముందర అయ్యగారి పిలుపు కాదనడం మా వైపు లేదు, నాయన వచ్చి కూర్చున్నాడు. కూర్చున్న తర్వాత గాని, బల్ల అవతలి కొసన వంగి ఉన్నది ఎవరో ఆయన చూడలేదు.

నేను వాక్యం చదువుతున్నాను. ప్రభువు బల్ల దగ్గర నుంచి లేచి, తువ్వాలు కట్టుకుని, శిష్యుల పాదాలు కడిగిన భాగం. చదవడం అయిపోయింది, కడగడం కాలేదు. ఏం చేయాలో తోచక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పెదనాయన నిదానంగా, ఒక్కొక్కరి దగ్గర కావలసినంత సేపు ఉంటూ, వచ్చి వచ్చి నాయన ముందర ఆగాడు. నా గొంతు నాకే తెలియకుండా తగ్గిపోయింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ, మా ఊళ్ళో అందరికీ అవ్వ వరస, పక్కామెతో అన్నది అందరికీ వినపడింది.

“ఏమ్మే, తమ్ముని కాళ్ళు కడిగితే తమ్ముడు అల్లుడైపోతాడా?”

గుడి దాటితే, పెండ్లిలో అల్లుడి కాళ్ళు కడగడం తప్ప వేరే కాళ్ళు కడగడం ఎరగని దేశం మాది. కొందరు నవ్వారు. నాయన కాళ్ళు వెనక్కి లాక్కుని, ఎన్నాళ్ళకో అన్నతో మొదటి మాట మాట్లాడాడు.

“వద్దులే. మట్టి ఉండాది.”

పెదనాయన ఆ కాళ్ళు పట్టి ముందుకు లాగి, నీళ్ళు పోశాడు. తక్కిన పదకొండుమంది కాళ్ళ మీద నుంచి తేటగా జారిన నీళ్ళు ఇక్కడ ఎర్రగా మారాయి. ఒక చెంబుకు మట్టి పోలేదు. బొటనవేలితో రుద్దాడు. మడమ పగుళ్ళలో ఇరుక్కున్న చీనీ ఆకు ముక్కను పీకి, చూసి, పళ్ళెంలో వెయ్యబోయి చేతిలోనే ఉంచుకున్నాడు. నీళ్ళు తగలని చీలమండ మీద ఇంకా పొడిమట్టి ఉంది. దాన్ని వేళ్ళ నడుమ తీసుకుని నలిపాడు. నీళ్ళు పట్టిన పాదులో తిరిగిన మనిషి కాలికి బురద అంటుతుంది, ఇది పిండిలాగా రాలింది. అప్పుడు తల ఎత్తకుండానే అడిగాడు.

“పాదుల్లో తడే లేదేమిరా?”

“లేదు,” అన్నాడు నాయన.

వెనక ఉన్నవాళ్ళకు పెదనాయన అన్న పాదులు అనే మాట పాదాలు అని వినపడింది. ప్రార్థన చేస్తున్నాడనుకుని అవ్వ ఆమేన్ అన్నది. ఆమె అనేసరికి గుడి మొత్తం ఆమేన్ అన్నది. మామూలుగా అయితే పెదనాయన తన ప్రార్థనకు ఎంతమంది ఆమేన్ అన్నారో చెవితో పట్టేవాడు. ఆ రోజు ఆయన విన్నట్టే లేదు. ఎర్రనీళ్ళ పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుని, నడుముకు తువ్వాలు అలాగే ఉండగా, అయ్యగారి ఆశీర్వాదం కోసం ఆగకుండా బయటికి పోయాడు. కంప దాటి, మొదటి చీనీ చెట్టు పాదులో ఆ నీళ్ళు పోసి, కింద కూర్చుని అవి ఎంతసేపట్లో ఇంకుతాయో చూస్తున్నాడని కిటికీ దగ్గరివాళ్ళు చెప్పారు. ఆశీర్వాదం ఆయన లేకుండానే అయిపోయింది.

ఆ సాయంత్రం కరెంటు రాగానే పెదనాయన పార పట్టుకుని, తన గట్టును తానే తెగ్గొట్టి నీళ్ళు ఇటు మళ్ళించాడు. నాయన అడగలేదు, ఆయన అడిగించుకోలేదు. ఇద్దరూ పెండ్లి మాట ఎత్తలేదు, క్షమాపణ అనే పెద్ద మాట అసలే లేదు. నీళ్ళు ముందరికి ఉరుకుతాండాయి, ఆ పాదుకు అడ్డం వెయ్‌రా అని ఒకరు, వేసినాలే, నువ్వు పక్కకు జరుగు అని ఒకరు, అంతే. కంపకు దగ్గరగా ఉన్న చెట్లు కొన్ని అప్పటికే పోయాయి. మిగిలినవి బతికాయి.

మరుసటి ఏడు గురువారం పెదనాయన ఎక్కడ జాగా ఉంటే అక్కడ కూర్చున్నాడు. గంట సుత్తి కూడా వేపచెట్టుకే తాడుతో కట్టించాడు, ఎవరు ముందు వస్తే వాళ్ళు కొట్టేవాళ్ళు. పిల్లలు వేళాపాళా లేకుండా కొట్టి తిట్లు తిన్నారు కూడా. ముసలితనంలో నేను చూడబోయినప్పుడు, మాటల్లో ఆ రోజు సంగతి వచ్చి, నాకు ఒక మాట చెప్పాడు. ఆయన మామూలుగా చెప్పినట్టే చెప్పాడు.

“కిందికి వంగినంక నాకు నేను కనపడల్యారా. వాని కాళ్ళే కనపడినాయి. బో సుఖంగా ఉండె.”

వినయం మీద, అహంకారం మీద నేను చదివినవి తక్కువ కాదు. తగ్గించుకోవడం అంటే తనను తాను తక్కువగా చూసుకోవడం అని చాలాచోట్ల ఉంటుంది. తనను చూసుకోవడమే కాసేపు మరిచిపోవడం అని నాకు పెదనాయన మాట వల్ల అర్థమైంది. పాదు, పాదము అనే రెండు మాటల సంగతి కూడా ఒకసారి గ్రంథాలయంలో నిఘంటువు తీసి వెతికాను. ఒకటి అచ్చతెలుగు, ఒకటి సంస్కృతం, రెండింటికీ ఏ బంధుత్వమూ లేదట. నిఘంటువు రాసినవారు మా గుడికి రాలేదు కాబట్టి అలాగే రాస్తారు.

ఇప్పుడు ఆ తోటలో నా తమ్ముడి కొడుకులు మళ్ళీ చీనీయే పెట్టారు. నల్లటి డ్రిప్పు పైపులు చెట్టు మొదట్లోకే చుక్క చుక్కగా నీళ్ళు తెస్తాయి, మంచి పద్ధతి, నీళ్ళు వృథా పోవు. పాదు కట్టే పని లేదు. పోయినసారి నేను పాదు అంటే వాళ్ళ పిల్లలు పాదమా తాతా అని అడిగారు. గట్టు తెగ్గొట్టే పనీ లేదు, ఎవరి బోరు వాళ్ళది, ఎవరి మీటరు వాళ్ళది. ఒకరు అడగవలసిన అవసరమూ, ఒకరు అడక్కుండా ఇవ్వవలసిన అవసరమూ రెండూ తగ్గాయి.

మొన్నటి ఆరాధన చక్కగా జరిగింది. వెనక పాట పెట్టారు, ఎవరో ఫోనులో చిత్రీకరించారు. నా ముందు వంగిన కుర్ర పాస్టరుగారు మర్యాద తెలిసినవాడు, మెల్లగా నీళ్ళు పోసి మెత్తటి తువ్వాలుతో తుడిచాడు. ప్లాస్టిక్ టబ్బు అడుగున అచ్చువేసిన పువ్వు ఉంది, పన్నెండుమంది కాళ్ళు కడిగిన తర్వాత కూడా ఆ పువ్వు రేకులు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. ఆయన నా కాళ్ళ దగ్గర ఒక క్షణం ఆగి పైకి చూశాడు, ఏదైనా అడుగుతాడేమో అనుకున్నాను. అడగడానికి నా కాళ్ళ మీద నేనేమీ మిగల్చలేదు.