టీసీని కొట్టింది నేనే

రైల్లో టీసీని కొట్టిందెవరని పోలీసులు అడిగినప్పుడు నేను నోరు విప్పలేదు.

అప్పట్లో ఖమ్మం నుంచి కొత్తగూడెం ఉద్యోగానికి రోజూ వెళ్లే మేము, సీజన్ పాస్ చెల్లదని తెలిసినా రిజర్వేషన్ బోగీలోనే కూర్చునేవాళ్లం. ఓ ఉదయం కొత్త టీసీ జరిమానా కట్టమన్నాడు.

"ఈ సీట్లు మా అత్తగారు కట్నంల పెట్టినయ్ సారూ," అన్నాను.

"గట్లయితే జరిమానా గూడ ఆమెనే కట్టమను."

బోగీ అంతా నవ్వింది. ఒళ్లు మండి, ఆయన అటు తిరగ్గానే వెనక నుంచి స్టీలు క్యారేజీతో తల పగలగొట్టాను. స్పృహ తప్పిన ఆయన్ని అదే బోగీలో ఉన్న సారపాక ఊరి కూలీ సోమయ్య ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాతి స్టేషన్లో ఎక్కిన పోలీసులు అతని చొక్కా మీద నెత్తురు చూసి, లాఠీలతో చెయ్యి విరగ్గొట్టారు.

"నేను లేపిన సారూ, కొట్టలే!" అని అరిచాడు.

మొన్న సోమయ్య ఇంటికి వెళ్లి నిజం చెప్పాను.

"నాకెరికే. టీసీ సారుకు చెప్పు. నేనే కొట్టిననుకుంటుండు," అన్నాడు.

అతన్ని వెంటబెట్టుకుని టీసీ గారింటికి వెళ్లాను. "కొట్టింది నేను సార్. మిమ్మల్ని లేపింది ఇతను. ఇద్దరూ నన్ను క్షమించండి," అన్నాను.