మొగిలయ్య సీసాల్లో అన్నం

మా తమ్ముడు మొగిలయ్యది మొదటి నుంచీ వంకర దారే. వీర్నపల్లి మగవాళ్ళు బతకడానికి భీవండి మగ్గాల మీదికి పోతే, వాడు ఎవరో లారీ డ్రైవరు మాట పట్టుకొని కూర్గు కాఫీ తోటలకు వెళ్ళాడు. ఆరేళ్ళకు, తొంభై ఎనిమిదిలో, నా ఇంటికి తిరిగొచ్చాడు. ఏం తెచ్చాడయ్యా అంటే, సీసాలో పిడికెడు తెల్ల బూజు.

"కాఫీ కాయను తొలిచే పురుగు గీ బూజు తాకితే సస్తదక్కా. మన పత్తిల పచ్చపురుగు మీద గూడ సూస్త."

"డబ్బాలకు డబ్బాలు మందు కొడితె సావని పురుగు నీ బూజుకు సస్తదారా? తలకింత నూనె పెట్టుకో, సల్లబడ్తది."

ఆ ఏడు పచ్చపురుగు ఊరంతా పత్తికాయలను డొల్ల చేస్తోంది. మా ఇంటి వెనక వాడికున్నది ఎకరన్నర. అది పోతే మళ్ళీ ఊరు విడవాల్సిందే. అందుకే నోరు మూసుకొని పొయ్యి ఇచ్చాను. రోజూ రెండు సేర్ల బియ్యం సగం పైన ఉడికించి గంజి వార్చేవాడు. ఆరెంపీ డాక్టరు పారేసిన గ్లూకోజు సీసాల్లో నింపి, దూదితో మూతి బిగించి, మళ్ళీ ఉడకబెట్టి, చల్లారాక చిటికెడు బూజు వేసేవాడు. పదిహేను రోజులకు మెతుకుల మీద పిండిలా పడుతుందట. దాన్ని నీళ్ళలో కలిపి చల్లాలట. అటక కింద చీకట్లో నలభై సీసాలు నిలబడ్డాయి.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఏ ఇంటి గంజి ఎంత పారుతుందో పోలీసులు కనిపెట్టి ఉండేవారు. ఎక్కువ వండితే అది అడవిలో ఉన్న నక్సలైటు అన్నలకేనని అనుమానం. పదమూడో రోజు పొద్దున జీపు వచ్చింది.

"ఇంట్లో ఉండేది ఇద్దరు. ఇంత అన్నం ఎవరికమ్మా?" అన్నాడు ఎస్సై.

నిజం చెబితే సరిపోయేది. కానీ పక్కింటి బుచ్చవ్వ గోడ మీద నుంచి మెడ సాచి వింటోంది. కింద పడ్డ మెతుకును కళ్ళకద్దుకొని తిన్నది మా అమ్మ. ఆమె కూతురింట్లో అన్నాన్ని కావాలని బూజు పట్టిస్తున్నారని ఎట్లా చెప్పను? తలెత్తి అన్నాను:

"సుట్టాలచ్చిండ్రు సారూ. మా ఇంటికి సుట్టాలు రావద్దా?"

"ఏరీ, చూపించు."

ఎవరిని చూపించను? లోపలికి పోయి సీసాలు చూశారు. అన్నం అన్నలకు, గ్లూకోజు దెబ్బతిన్న అన్నలకు అని తేల్చారు. అప్పుడు చెప్పాను, పురుగుకు మందు సారూ అని. అబద్ధమాడిన నోరు కదా, నవ్వారు. సీసాలన్నీ చేను కంచె రాళ్ళ మీద కొట్టి పగలగొట్టారు. చేనులో ఉన్నవాణ్ణి ఉన్నట్టే జీపెక్కించారు.

పదకొండో రోజు వదిలిపెట్టారు. కుంటుతూ వచ్చాడు. అప్పటికి చేనులో కాయ లేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

మర్నాడు సంచి సర్దుకొని కంచె దగ్గరికి వెళ్ళాడు. సీసాలు పగిలిన చోట పత్తిమొక్క మీద ఒక పచ్చపురుగు, సున్నం పూసినట్టు తెల్లబడి బిగుసుకుపోయి ఉంది. ఆకుతో సహా తెంపి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"పని జేసిందక్కా" అన్నాడు.

సిరిసిల్ల బస్సుకు కుంటుకుంటూ నడిచిపోయాడు. పోయిరా అనడానికి నాకు నోరు రాలేదు. ఇంత నోరుండి.