మురీ మూతి తిప్పుకున్న రోజు

మొన్న వడ్రంగి దుకాణంలో రంపపు పొట్టు వాసన తగలగానే కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్ గుర్తొచ్చాయి. తొమ్మిదేళ్లప్పుడు అక్కడ నేనో తెల్లెలుకని పెంచాను. పేరు మురీ. రంపపు పొట్టు పోసిన చెక్కపెట్టె దాని ఇల్లు.

దాని పొట్ట కింద గడ్డ లేచింది. ఇక నయం కాదని పశువుల డాక్టరు చెప్పినా, నేను గంటగంటకీ ఫిల్లరుతో మందు పోస్తూనే ఉన్నాను. మూడోరోజు బంద్. లోకల్ రైళ్లు లేవు, డాక్టరు దగ్గరికి వెళ్లే దారి లేదు. మురీ మూతి తిప్పేసుకుంటోంది. నేను పెట్టె పట్టుకుని వంటగదికీ వరండాకీ తిరుగుతున్నాను.

"ఇంక ఒగ్గీయే," అంది అమ్మ.

పెరట్లో వదిలేయమంటోందనుకున్నాను. "పిల్లి తినేస్తాది!" అని ఏడ్చాను.

"బయట ఒగ్గీమన్లేదే. మందు పొయ్యడం ఆపీ. నోరు తెరిపించినప్పుడల్లా దానికెంత బాధో సూడు. ఒళ్లో ఎట్టుకో."

ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. వేగంగా ఎగిసే దాని డొక్కలు మెల్లగా నెమ్మదించాయి. మధ్యాహ్నానికి ఆగిపోయాయి.

మందు మానేసినందుకే చచ్చిపోయిందని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, ఆ రెండు రోజులూ భయం నాది, మందు మింగింది మురీ. అమ్మ చెప్పకపోతే ఇంకా పోస్తూనే ఉండేదాన్ని.