ఎనభై నాలుగున్నర మీటర్లు

మిషిగన్ ఉత్తరాన ఇనుప గనులున్న ఆ చిన్న ఊళ్లో రాజగోపాల్‌కి అది పదో చలికాలం. వారమంతా గని ల్యాబ్‌లో ఖనిజం పరీక్షించడం, ఆదివారం స్కీ జంపింగ్ కొండ పక్కన నిలబడి ఎవరెంత దూరం ఎగిరారో చూడటం. 1984 ఫిబ్రవరికి రెండూ మొహం మొత్తాయి. మోకాళ్లు చలికి లాగేస్తున్నాయి. అయినా ఆ రోజు వెళ్లింది డెన్నిస్ కోసమే.

డెన్నిస్‌ది ల్యాబ్‌లో అతని పక్క బల్ల. ముప్పై నాలుగేళ్లవాడు. జంపర్‌గా అతనికదే ఆఖరి పోటీ. వచ్చిన ఏడాదే రాజగోపాల్‌ని కొండకు తీసుకెళ్లి ఆట చూడటం నేర్పింది అతనే.

"ఐసు దారిలో ముడుచుకుని జారాలి రాజ్. అంచుకి రాగానే లేవాలి. క్షణం ముందైనా, వెనకైనా జంప్ పోయినట్టే. గాల్లో కాళ్లకున్న స్కీ చెక్కల మీదికి వంగాలి. దిగేటప్పుడు ఒక కాలు ముందుకేసి, మోకాళ్లు వంచి, చేతులు చాపాలి. ఆ వాటానికి ఐదుగురు జడ్జీలు ఇరవైకి మార్కులేస్తారు. ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా మూడూ కలుపుతారు. దూరానికి పాయింట్లు వేరు. అవి పక్కన నిలబడి కొలిచే మీలాంటివాళ్ల కళ్ల మీదే ఆధారం."

అక్కడ కెమెరాలు లేవు. దిగే వాలు పొడుగునా రెండేసి మీటర్లకొక మనిషి నిలబడతాడు. రెండు పాదాలూ మంచుకి ఆనిన చోటు తన హద్దులో ఉంటే చెయ్యెత్తుతాడు. రాజగోపాల్ హద్దు ఎనభై మూడు నుంచి ఎనభై ఐదు.

చివరి రౌండులో ఎనభై ఆరు దాకా వస్తే డెన్నిస్‌కి మూడో స్థానం రావచ్చని మైకులో చెప్పారు. డెన్నిస్ బాగానే లేచాడు. సగం దూరంలో, పైకి మోసే ఎదురుగాలి తగ్గింది. స్కీలు రాజగోపాల్ ఎదురుగానే టప్పుమన్నాయి. అతను చెయ్యెత్తాడు. కింది హద్దులో నిలబడ్డ ముసలి వాల్టర్ కూడా ఎత్తాడు.

"ఎనభై ఆరు. నువ్వు దించెయ్ రాజ్," అన్నాడు వాల్టర్ మెల్లగా. "వాడికిదే ఆఖరుది."

చెయ్యి బరువెక్కింది. దించితే ఇంటికెళ్లి పడుకోవచ్చు.

"ఇక్కడే ఆనాడు. నీ దగ్గరికి జారుతూ వచ్చాడు," అన్నాడు రాజగోపాల్.

పెద్ద అంపైరు దిగొచ్చి మంచులో పడ్డ గాట్లు చూసి ఎనభై నాలుగున్నర రాసుకున్నాడు. డెన్నిస్ నాలుగో స్థానంలో మిగిలాడు.

ఇంట్లో భార్య సుమతి వేడినీళ్ల బకెట్ తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది.

"ఒకటిన్నర మీటర్లేగా. వదిలేస్తే ఏం పోయేదండీ?"

"ఏమీ పోయేది కాదు."

"మరి?"

"చూశాను కదా సుమతీ. చూడలేదని ఎలా చెప్పను?"

మూడు వారాలు డెన్నిస్ పక్క బల్ల దగ్గరే ఉండి పలకరించలేదు. కాఫీకి ఒక్కడే వెళ్లేవాడు. రాజగోపాల్‌కి కొండకంటే ల్యాబే చల్లగా అనిపించింది. కొండ దగ్గర కొలవడం మానేద్దామని, పోటీలు నడిపే క్లబ్బుకి ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాడు.

నాలుగో సోమవారం డెన్నిస్ కుర్చీ ఇటు తిప్పాడు.

"గాల్లోనే తెలిసిపోయింది, ఎనభై ఆరుకి చేరనని," అన్నాడు. "మూడు వారాలు నీ మీద కోపంతో గడిపేశాను. అలిసిపోయాను రాజ్."

"నేనూ," అన్నాడు రాజగోపాల్.

ఇద్దరూ నమూనాల ట్రేలు ముందుకు లాక్కున్నారు. పదింటికి కలిసే కాఫీకి వెళ్లారు. పది చలికాలాలు చాలనిపించి, క్లబ్బుకి రాసిన ఉత్తరం మాత్రం రాజగోపాల్ ఆ మధ్యాహ్నమే పోస్టు చేశాడు.