మేడ మీద మంచు నక్క

దిల్షాద్ బేగం ఏ జంతువునైనా కుట్టే ముందు అది ఎక్కడ పడుకుంటుందో కనుక్కునేది. అది తెలిస్తే గానీ కత్తెర ముట్టేది కాదు. "పడక తెలిస్తే ఒంటి రంగు తెలుస్తుంది. ఒంటి రంగు తెలిస్తే గుడ్డ అదే దొరుకుతుంది" అనేది, వినేవాళ్ళు నవ్వుతున్నా పట్టించుకోకుండా.

విజయవాడ సింగ్ నగర్‌లో శౌరమ్మ గారి మేడ కింది వాటాలో ఆవిడ కాపురం. స్కూళ్ళలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకీ యానివర్సరీలకీ పిల్లల వేషాలు కుట్టి అద్దెకిస్తుంది. ముందుగదిలో అడుగు పెడితే తలకు ఏదో ఒక తోక తగిలేది. దండేల మీద పులులు, నెమళ్ళు, ఏనుగు చెవులు, ఎవరూ అడగని ఒక గుడ్లగూబ. భర్త నాగుల్ మీరా ఆటోనగర్‌లో లారీ సీట్లు కుడతాడు. కోతలో మిగిలిన ఫోమ్ ముక్కలు, రెక్సిన్ అంచులు మూటగట్టి సాయంత్రం బండి మీద తెచ్చి గుమ్మంలో పడేసేవాడు. "ఇదిగో, నీ జంతువులకి మేత" అనేవాడు.

ఇదంతా మొదలైంది కూతురు సనోబర్ ఒకటో తరగతిలో ఉండగా. ఆ పిల్లకి పాత దుప్పటి చించి ఒక కుందేల్ని కుట్టింది. చెవులు నిలబడకపోతే నాగుల్ మీరా సీటు తీగ వంచి పెట్టాడు. ఇప్పుడు సనోబర్ మైలవరంలో ఇద్దరు పిల్లల తల్లి. ఆ కుందేలు తర్వాత ఎన్ని వచ్చాయో లెక్క లేదు. ఇన్ని దేశాల జంతువుల్ని కుట్టిన మనిషి చూసిన ఊళ్ళు మాత్రం చాలా తక్కువ. కూతురింటికి మైలవరం, పెళ్ళిళ్ళకి బందరు. అంతే.

ఒక ఏడాది జులైలో వినీల వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్కూల్లో సైన్సు చెప్పే అమ్మాయి. బాలల దినోత్సవానికి స్కూల్లో ఏడు గదుల్ని ఏడు బయోమ్‌లుగా మార్చాలని, ఒక్కో గదిలో అక్కడి జంతువుల వేషాల్లో పిల్లలు నిలబడి తమ గురించి తామే చెప్పుకోవాలని ఆమె ఆలోచన.

"బయోమ్ అంటే ఏంటి మేడం?" అనడిగింది దిల్షాద్.

"ప్రపంచంలో నేలలు రకరకాలు కదండీ. ఒకచోట ఏడాదంతా వానే. ఒకచోట ఎప్పుడూ మంచే. ఒకచోట చెట్టన్నది లేకుండా కనుచూపుమేరా గడ్డి. ఎండా వానా చలీ ఎట్టా ఉంటే అక్కడి మొక్కలు అట్టా ఉంటాయి. మొక్కల్ని బట్టి జంతువులు. ఆ మొత్తాన్నీ కలిపి ఒక బయోమ్ అంటాం."

దిల్షాద్ మెడలోని టేపు వేలికి చుట్టుకుంది. "అంటే వాతావరణం కొలతలిస్తే నేల కుట్టుకుంటుందన్నమాట."

వినీల నవ్వేసింది. "ఈ మాట క్లాసులో వాడుకుంటానండీ. మీ పేరు చెప్పే వాడుకుంటా."

అప్పట్నుంచి మధ్యాహ్నాలు మారిపోయాయి. వినీల ఫోన్‌కి పంపిన వీడియోలు చూస్తూ దిల్షాద్ మిషను ముందు కూర్చునేది. కిటికీ బయట సింగ్ నగర్ ఎండ తెల్లగా మెరిసేది. చూస్తూ చూస్తూ ఉంటే ఆ తెలుపు మెల్లగా చల్లబడేది. వీధి చప్పుళ్ళు దూరమయ్యేవి. పాదం కింద మిషను టకటకలు గిట్టల చప్పుడై, దుప్పుల మంద ఒకటి ఆవిడ పక్కనుంచే సాగిపోయేది. ఆ నేలకి టండ్రా అని పేరు. కింద మట్టి ఎప్పటికీ కరగని మంచు. పైన అరచేతి మందాన నాచు. ఆ నాచు రంగు ఇంతా అంతా కాదు, బూడిదలో పసుపు కలిసి, మధ్య మధ్య ఎర్రటి పొడ. అలాంటి గుడ్డ కోసం వన్ టౌన్‌లో మూడు దుకాణాలు తిరిగి, చివరికి ఒక పాత శాలువాని టీ డికాక్షన్‌లో ముంచి ఆ రంగు తెప్పించింది.

అక్కణ్ణుంచి గడ్డి మైదానాల్లోకి నడిచింది. అక్కడ సైగా అనే జింకకి ముక్కు కిందికి వేలాడుతూ చిన్న తొండంలా ఉంటుంది. దుమ్ము లోపలికి పోకుండా, చలిగాలి వేడెక్కి పోయేలా. ఆ ముక్కు చూసి దిల్షాద్ ఒక రోజంతా ముచ్చటపడింది. వానల అడవిలో చెట్టుకి తలకిందులుగా వేలాడే బద్ధకపు జంతువు ఒకటి కనిపించింది. కదలకపోవడం వల్ల దాని బొచ్చులో పాచి మొలుస్తుందట. ఆవిడ గోధుమరంగు ఊలులో అక్కడక్కడా పచ్చ దారాలు దూర్చింది. ఎడారికి పోయి ఒంటె కళ్ళకు రెండు వరసల రెప్పవెంట్రుకలు పెట్టింది.

తెల్ల ఎలుగుబంటికి మాత్రం లోపల నల్ల లైనింగ్ వేస్తుంటే నాగుల్ మీరా చూశాడు.

"లోపల నలుపెందుకే? తెల్లగుడ్డ ఉంది కదా?"

"దాని బొచ్చు కింద తోలు నలుపంటండీ."

"లోపల ఎవరు చూస్తారు?"

"వేసుకున్న పిల్లకి తెలుస్తుందిగా!"

ఆయన ఆ నల్లగుడ్డని వేళ్ళతో నలిపి చూశాడు. మర్నాడు ఎలుగు పంజాలకి మెత్తటి నల్ల రెక్సిన్ తెచ్చాడు.

అన్నిటికంటే ఆవిడ మనసు పెట్టింది నక్క మీద. మంచు దేశపు నక్క వేసవిలో మట్టిరంగులో ఉండి, చలికాలం రాగానే తెల్లగా మారుతుంది. ఒకే నక్కకి రెండు ఒళ్ళు. రెండు వేషాలు కుట్టడం ఆవిడకి నచ్చలేదు. బయట మట్టిరంగు, లోపల తెలుపు వేసి, తిరగేసి తొడుక్కునేలా కుట్టింది. కుట్లు ఎటూ కనపడకుండా కుదరడానికి దాన్ని ఎన్నిసార్లు విప్పిందో.

ఆగస్టు ఆఖర్లో వానలు పట్టుకున్నాయి. సెప్టెంబరు మొదటి ఆదివారం తెల్లవారేసరికి వీధిలోకి నీళ్ళొచ్చాయి. బుడమేరు వాగు పొంగింది. ముందు అందరూ వానకాలం మామూలే అనుకున్నారు. చూస్తుండగానే నీళ్ళు గడప దాటి, మంచం కోళ్ళు మింగి, మిషను చక్రం దాకా ఎక్కాయి. పైనుంచి శౌరమ్మ గారు కేకలు పెడుతోంది. "దిల్షాదమ్మా, వచ్చేయండి! సామానుదేముంది, మీరు రండి ముందు!"

నాగుల్ మీరా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అడిగాడు. "మిషను ఎత్తనా? కొత్త వేషాల మూటలు ఎత్తనా? తొందరగా చెప్పు."

దిల్షాద్ మిషను వంక చూసింది. పెళ్ళైన కొత్తలో కొన్నది. "మూటలు" అంది.

కొత్తగా కుట్టిన ఏడు నేలల జంతువులూ మేడెక్కాయి. దండేల మీది పులులూ నెమళ్ళూ కిందే ఉండిపోయాయి. మళ్ళీ దిగుదామనుకునేసరికి కింది నాలుగు మెట్లు కనిపించడం లేదు.

మధ్యాహ్నానికి శౌరమ్మ గారి మేడ నిండిపోయింది. వెనక సందులో రేకుల ఇళ్ళ వాళ్ళు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. పిల్లలంతా తడిసి వణుకుతున్నారు. శౌరమ్మ గారి ఇంట్లో ఉన్న తువ్వాళ్ళూ చీరలూ చాల్లేదు. దిల్షాద్ ఒక్క క్షణం తన మూటల్ని చూసుకుంది. తర్వాత ముళ్ళు విప్పింది.

"రండమ్మా, ఒక్కొక్కళ్ళూ రండి. ఎవరికి ఏం కావాలి?"

వాన కాస్త తెరిపిచ్చాక పిల్లలు డాబా మీదికి పరిగెత్తారు. ఎలుగుబంటి ఒకటి, ఒంటె ఒకటి, పిట్టగోడకి ఆనుకుని పెంగ్విన్లు రెండు. నీళ్ళ ట్యాంకు పక్కన పచ్చ పాచి మొలిచిన బద్ధకపు జంతువు నిజంగానే నిద్రపోయింది. చుట్టూ ఎటు చూసినా గోధుమరంగు నీళ్ళు. వీధుల్లేవు, గోడల్లేవు. ఇళ్ళ పైకప్పులు చిన్న చిన్న దీవుల్లా తేలుతున్నట్టున్నాయి. కరెంటు లేక, బళ్ళు లేక, ఊరంతా ఎప్పుడూ ఎరగని నిశ్శబ్దం.

శౌరమ్మ గారు పిల్లల్ని చూసి బుగ్గలు నొక్కుకుంది. "జలప్రళయంలో నోవహు ఓడలో కూడా ఇన్ని రకాలు లేవేమోనమ్మా!"

"మా నూహ్ నబీ ఓడా అదేగా అక్కా" అంది దిల్షాద్.

నక్క వేషం సందులో ఉండే ఒక చిన్నపిల్లకి దక్కింది. ఆ పిల్ల ఎవరితోనూ ఆడకుండా పిట్టగోడ దగ్గరే నిలబడి, తన ఇల్లు ఎక్కడుండాలో అక్కడికే చూస్తోంది. దిల్షాద్ పక్కన కూర్చుని నక్క కథ చెప్పింది. మంచు పడే దేశంలో ఉంటుందనీ, మంచు పడగానే తెల్లబడుతుందనీ, అప్పుడు దాన్ని ఎవరూ కనిపెట్టలేరనీ. పిల్ల ఊరికే విని, కాసేపయ్యాక వేషం విప్పి, తిరగేసి తొడుక్కుంది.

"ఆంటీ, ఇప్పుడు మంచు పడిందా?"

దిల్షాద్ తలెత్తింది. మబ్బుల సందులోంచి ఒక వెలుతురు నీళ్ళ మీద పడుతోంది. ఆ వెలుతురులో నీళ్ళు గోధుమరంగులో లేవు. ఆకాశం దాకా తెల్లగా, కదలకుండా, పలచటి మంచు పరచినట్టున్నాయి. ఆవిడ పిల్ల తల మీది తెల్ల చెవులు సర్దింది.

"పడిందమ్మా. చూడు, ఎంత పడిందో!"

భోజనం పొట్లాలు మోసుకుని డ్రోన్ వచ్చినప్పుడు ఎలుగుబంటీ ఒంటే కలిసి దాని కింద గంతులేశాయి. తర్వాత పడవలో వచ్చిన మనుషులు డాబా వైపు చూసి తెడ్లు వేయడం మర్చిపోయారు. పిల్లల్ని ముందు ఎక్కించుకోమంటే, ఏ పిల్లా వేషం విప్పనంది. అలాగే ఎక్కించారు. సింగ్ నగర్ వీధుల మీదుగా ఆ పడవ వెళ్ళిపోతుంటే, వెనక కూర్చున్న తెల్లనక్క చెయ్యి ఊపింది.

నీళ్ళు తీశాక ఇల్లంతా బురద. పాత వేషాల్లో ఒక్కటీ మిగల్లేదు. మిషను చక్రం తిరగలేదు. నాగుల్ మీరా దాన్ని ఆటోనగర్ తీసుకెళ్ళి, ముక్క ముక్కా విప్పి, కడిగి, నూనె పట్టించి తెచ్చాడు. అడుగున టకటకకి బదులు ఇప్పుడొక చిన్న మూలుగు వస్తోంది. పిల్లలు మాత్రం వేషాలు ఒక్కొక్కటే తెచ్చిచ్చారు, తల్లులు ఉతికి ఆరేసినవి.

వినీల బియ్యం, దుప్పట్లు తీసుకుని వచ్చింది. వేషాల మాటే ఎత్తలేదు. ప్రదర్శన సంక్రాంతి సెలవుల తర్వాతకి పోయిందని, అప్పుడు కూడా ఇబ్బంది పడొద్దని చెప్పింది. దిల్షాద్ గోడ మీద నీటి గీత చూస్తూ కూర్చుంది.

"మేడం, ఈ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయండీ?"

"కొల్లేరుకండీ. బుడమేరు అందులోనే కలుస్తుంది. అక్కణ్ణుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి."

"అక్కడ ఎవరుంటారు?"

"చేపలు, పక్షులు. చలికాలం వస్తే ఎక్కడెక్కడి పక్షులో." వినీల ఆగింది. "ఏడు గదులూ ఎక్కడెక్కడివో పెట్టాను. మన కొల్లేరు మర్చేపోయాను. ఎనిమిదో గది పెడదామా ఆంటీ?" అంది. అండీ పోయి ఆంటీ వచ్చిన సంగతి ఇద్దరూ గమనించలేదు.

డిసెంబరులో ఒక పొద్దున దిల్షాద్, నాగుల్ మీరా కైకలూరు రైలెక్కారు. దిగి ఆటోలో కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్ళారు. పడవ నడిపే జక్కయ్య వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని పొగమంచులోకి తోశాడు. కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత మంచులోంచే కొమ్మలు, కొమ్మల మీద మూటల్లాంటివి. మూటలు కదిలాయి. గూడబాతులు! చెట్టుకి ఇరవయ్యో ముప్పయ్యో. అటవీశాఖ వాళ్ళు పెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్ళే.

"ఇవి ఎక్కడ పడుకుంటాయి జక్కయ్య గారూ?"

"అక్కడేనమ్మా, ఆ కొమ్మల మీదే. పెళ్ళాం మొగుడు వంతులేసుకుని గుడ్లు పొదుగుతాయి."

ఒక తల్లి పక్షి వచ్చి వాలింది. దాని ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతోంది. పిల్ల తల మొత్తం ఆ సంచిలోకి దూర్చేసి తినడం మొదలుపెట్టింది.

నాగుల్ మీరా ముందుకి వంగాడు. "ఆ సంచి చూశావా! అచ్చం పలచటి రెక్సినే. అటూ ఇటూ సాగాలంటే కింద ఎలాస్టిక్ వెయ్యాలి."

దిల్షాద్ వినడం లేదు. పడవ అంచు మీంచి చెయ్యి నీళ్ళలోకి జార్చింది. చల్లగా, మెత్తగా, వేళ్ళ మధ్యనుంచి నీళ్ళు పోతున్నాయి. తన ఇంట్లోకి వచ్చి, తన పులుల్ని తీసుకుపోయిన నీళ్ళే ఇవీ. మూడు నెలలుగా ఈ నీళ్ళ మీద ఎంత కోపం పెంచుకుందో. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ పెట్టిందో గుర్తురాలేదు. పక్షుల రెక్కల గాలి మొహానికి తగులుతుంటే కళ్ళు మూసుకుంది. పడవ కదులుతోందో ఆగిందో తెలియలేదు. కొల్లేరే ఆవిడ కిందనుంచి నెమ్మదిగా నడిచి వెళుతున్నట్టుంది.

జనవరిలో ప్రదర్శన జరిగింది. మంచు గదిలోంచి ఎడారిలోకి, ఎడారిలోంచి వానల అడవిలోకి తల్లిదండ్రులు వరసకట్టి తిరిగారు. చివరి గదిలో నీలం కాగితాలంటించిన కిటికీల వెలుతురులో గూడబాతులు నిలబడ్డాయి. దిల్షాద్ ఒక మూల చాప మీద కూర్చుంది. మాటలు అప్పజెప్పడం అయిపోయిన ఒక గూడబాతు ఆవిడ దగ్గరికొచ్చింది.

"ఆంటీ, ఈ సంచిలో నా టిఫిన్ బాక్సు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకో తల్లీ. సాగుతుంది, భయం లేదు. అంకుల్ ఎలాస్టిక్ వేశారు."

పిల్ల టిఫిన్ బాక్సు పెట్టింది. నీళ్ళ సీసా పెట్టింది. చూస్తున్న ఇంకో పక్షి పరిగెత్తుకొచ్చి తన చెప్పులు కూడా అందులో పెట్టమంది.